పేర్లు పోగొట్టుకున్న కుర్రవాళ్ళు

గ్రీకు భాషలో 'కూరోస్' అంటే కుర్రవాడు. బహువచనం 'కూరోయ్'. చెవికి ఇంత దగ్గరగా వినిపించిన మాట దొరికితే చాలు, గ్రీకుకూ తెలుగుకూ చుట్టరికం కలపడానికి కలం తీసే ఉత్సాహవంతులు మన పాఠకుల్లోనూ ఉంటారు కనుక ముందుగానే మనవి చేస్తున్నాను: ఇది ఉత్త కాకతాళీయం, దీని మీద ఏ సిద్ధాంతమూ నిలబడదు. కాని పరాయి మాటను గుర్తుపెట్టుకోవడానికి ఈ పోలిక పనికొస్తుంది. అంతవరకు వాడుకుందాం.

నేను చెప్పబోయే కుర్రవాళ్ళు పాలరాతివాళ్ళు. క్రీ.పూ. 7వ శతాబ్దం చివరి భాగం నుంచి క్రీ.పూ. 480 ప్రాంతం దాకా, అంటే పార్థెనాన్ కోవెల కట్టడానికి ముందు తరాలలో, గ్రీకు శిల్పులు ఇంచుమించు ఒకే మూసలో యువకుల విగ్రహాలు చెక్కారు. చరిత్రకారులు ఆ కాలాన్ని ఆర్కాయిక్ యుగం అంటారు. ఒంటి మీద నూలుపోగు లేకుండా, చేతులు రెండూ తొడలకు ఆనించి, పిడికిళ్ళు బిగించి, ఎడమకాలు ఒక అడుగు ముందుకు వేసి, తిన్నగా ఎదుటికి చూస్తూ నిలబడతాడు కూరోస్. పూసలు గుచ్చినట్టున్న పొడుగాటి జుట్టు వీపు మీద పడుతుంటుంది. తరువాతి వాటిలో పెదవుల మీద ఒక చిన్న నవ్వు కూడా కనిపిస్తుంది.

మైసూరు వైపు పాఠకులకు ఈ వర్ణన చదవగానే శ్రవణబెళగొళ గోమటేశ్వరుడు మనసులో మెదలాలి. నాకూ మెదిలాడు. దిగంబరత్వమూ, చేతులు కిందికి వదిలి నిటారుగా నిలబడడమూ రెండుచోట్లా ఉన్నవే. రెంటికీ మధ్య దాదాపు పదిహేను వందల ఏళ్ళ దూరం, సంబంధమేమీ లేదు. అయినా పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సంగతి తేటపడుతుంది. గోమటుడి పాదాలు సమంగా ఉంటాయి, కాళ్ళకు తీగలు పాకుతాయి, ఆయన కదలడు. గ్రీకు కుర్రవాడు అడుగు వేశాడు. గోమటుడు శరీరాన్ని లెక్కచేయడం మానినవాడు. ఇతనికి శరీరమే సంపద, వ్యాయామశాలలో కష్టపడి సంపాదించుకున్నది.

19వ శతాబ్దపు పండితులు ఇలాంటి విగ్రహం ఎక్కడ దొరికినా దానికి 'అపోలో' అని పేరు పెట్టేశారు. టెనియా అపోలో, మీలోస్ అపోలో, ఇలాగ. తీరా చూస్తే వాటిలో కొన్ని సమాధుల మీద దొరికాయి. సమాధి మీద దేవుణ్ణి ఎందుకు నిలబెడతారు? ఆ చిక్కు తప్పించుకోవడానికి 1890 దశకం నుంచి 'కూరోస్' అనే ఏ పక్షమూ లేని మాట వాడుకలోకి వచ్చింది. న్యూయార్కు మెట్రోపాలిటన్ మ్యూజియంలో పనిచేసిన గిసేలా రిక్టర్ 1942లో వీటి మీద పెద్ద గ్రంథం ప్రకటించారు. చెవి ఎలా చెక్కారు, మోకాలిచిప్ప ఎలా చెక్కారు, పొట్ట మీద కండరాలు ఎన్ని గీతలుగా చూపారు అన్నదాన్ని బట్టి విగ్రహాలన్నిటినీ కాలక్రమంలో పేర్చిన పుస్తకం అది. విద్యార్థికి ఇప్పటికీ పనికొచ్చే పుస్తకమే. కాని ఆ పద్ధతిలోనే చూస్తూపోతే ఈ కుర్రవాళ్ళంతా మోకాళ్ళూ చెవులూ తప్ప మరేమీ కారనిపిస్తుంది. అందరూ ఒకేలా ఉంటారు, వీళ్ళకు మొహాల్లేవు అని శిల్పకళ మీద రాసేవాళ్ళు తరచు అనే మాట. మొహాలు సరే, వీళ్ళకు పేర్లు ఉండేవి. ఆ పేర్లు ఏమయ్యాయన్నదే నాకు ముఖ్యమనిపించింది.

మా అమ్మాయి దగ్గరికి అమెరికా వెళ్ళినప్పుడు ఆ మెట్రోపాలిటన్ మ్యూజియంలోనే ఒక కూరోస్‌ను దగ్గరనుంచి చూశాను. 1932లో వాళ్ళు సంపాదించినది. క్రీ.పూ. 590-580 నాటిది, 1 మీటరు 94 సెంటీమీటర్ల ఎత్తు, నాక్సోస్ ద్వీపపు పాలరాయి. నలువైపులా తిరిగి చూడవచ్చు. తిరిగి చూస్తే తెలిసేదేమిటంటే, అది నిజానికి నాలుగు బొమ్మలు. ముందు ఒకటి, వెనక ఒకటి, పక్కలు రెండు. మూల దగ్గర ఒకటి ఆగిపోయి ఇంకొకటి మొదలవుతుంది. చెవి గుండ్రంగా చుట్టుకున్న ముగ్గులా ఉంది. మెడకు ఒక పట్టీ కట్టుకున్నాడు. ఒంటి మీద ఉన్నది అదీ, తలపట్టీ, అంతే. ఏథెన్స్ చుట్టుపక్కల ఉన్న అట్టికా ప్రాంతంలో ఒక కలవారి బిడ్డ సమాధి మీద నిలబడ్డవాడట. పలక మీద రాసినదంతా చదివాను. ఏ కాలం, ఏ రాయి, ఏ ప్రాంతం, అన్నీ ఉన్నాయి. పేరు మాత్రం లేదు.

నాలుగు బొమ్మల సంగతి శిల్పం చెక్కే పద్ధతి నుంచి వచ్చింది. పెద్ద రాతి దిమ్మె తీసుకుని నాలుగు ముఖాల మీదా నాలుగు రూపాలు గీసుకునేవారు. మొనదేరిన ఇనుప ఉలిని నిలువుగా పెట్టి కొట్టుకుంటూ నాలుగువైపులనుంచీ పొర తరువాత పొర తీసుకుంటూ లోపలికి వెళ్ళేవారు. చివర నాక్సోస్ ద్వీపంలోనే దొరికే కురువిందం పొడితో రుద్ది నునుపు చేసేవారు. ఆ పైన రంగు. తెల్లగా మెరిసే గ్రీకు విగ్రహమన్నది తరువాతివాళ్ళ ఊహ. జుట్టుకు ఎరుపు, కళ్ళకు, పెదవులకు రంగులు వేసినవాళ్ళు వాళ్ళు. కొన్నిటి మీద ఆ ఎరుపు మరకలు ఇప్పటికీ కనిపిస్తాయి.

నాక్సోస్ గనుల్లో సగం చెక్కి వదిలేసిన విగ్రహాలు ఈనాటికీ పడుకునే ఉన్నాయి. ఫ్లేరియో అనే చోట చెట్ల నీడన ఉన్నవి ఐదారు మీటర్లవి. ఒకదాని కాలు విరిగింది, అక్కడే వదిలి వెళ్ళిపోయారు. అపోలోనాస్ ఊరి పైన ఉన్నది పది మీటర్లకు పైగా ఉంటుంది. దానికి గడ్డం ఉన్నట్టు రూపు తీశారు కనుక అది యువకుడు కాదు, డయోనీసస్ దేవుడని అంటారు. బరువు తగ్గించడానికి గనిలోనే ముతకగా చెక్కి ఓడెక్కించేవారు. అలా నాక్సోస్ వాళ్ళు దగ్గరి డెలోస్ ద్వీపంలో అపోలో దేవుడికి నిలబెట్టిన మహావిగ్రహం తొమ్మిది మీటర్ల దాకా ఉండేది. దాని పీఠం తానే మాట్లాడుతుంది. విగ్రహమూ తానూ ఒకే రాతివాళ్ళమని గొప్పగా చెప్పుకుంటుంది. ఆ విగ్రహం ఇవాళ ముక్కలు. మొండెం డెలోస్‌లో ఎండకు ఎండుతూంటే, ఒక పాదం ముక్క లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉంది.

ఇంత పెద్ద రాళ్ళను మనిషి రూపంలో నిలబెట్టే ధైర్యం వాళ్ళకు ఈజిప్టు చూసి వచ్చింది. క్రీ.పూ. 664 నుంచి 610 దాకా ఈజిప్టును ఏలిన మొదటి సామ్మెటికస్ తన సైన్యంలో గ్రీకు కిరాయి సైనికులను పెట్టుకున్నాడు. నైలు నది పాయ మీద నౌక్రాటిస్‌లో గ్రీకు వర్తకులు కాపురం పెట్టారు. అక్కడి రాజుల విగ్రహాలు కూడా ఎడమకాలు ముందుకు వేసి, పిడికిళ్ళు బిగించి నిలబడినవే. న్యూయార్కు కూరోస్ కొలతలు ఈజిప్టు శిల్పుల గళ్ళ లెక్కకు సరిపోతాయని కొలిచి చూసినవాళ్ళు చెబుతారు. అయితే గ్రీకులు అక్కడ చూసినదాన్ని ఉన్నదున్నట్టు దించలేదు. ఈజిప్టు రాజు నడుముకు వస్త్రం ఉంటుంది, వీపుకు రాతి స్తంభం ఆనుకుని ఉంటుంది, చేతికీ ఒంటికీ మధ్య, కాలికీ కాలికీ మధ్య రాయి అలాగే ఉండిపోతుంది. గ్రీకు శిల్పి వస్త్రం తీసేశాడు, స్తంభం తీసేశాడు, మధ్యలో రాయి అంతా తొలిచేశాడు. ఎప్పుడు ఎక్కడ విరుగుతుందో అన్న భయాన్ని మీదేసుకుని కుర్రవాణ్ణి తన రెండు కాళ్ళ మీదే నిలబెట్టాడు.

ఈజిప్టులోనే ఇంకొక పని చేశారు గ్రీకు సైనికులు. క్రీ.పూ. 590 దశకంలో రెండవ సామ్మెటికస్ తరఫున నూబియా దండయాత్రకు వెళ్ళినప్పుడు, అబూ సింబెల్‌లో కొండను తొలిచి చెక్కిన రామ్సెస్ మహావిగ్రహం కాలి మీద తమ పేర్లు గీకారు. ఫలానావాడి కొడుకు ఫలానావాడు అని, తండ్రి పేరుతో సహా. పురావస్తు శాఖవారు మన గుళ్ళలో 'గోడల మీద పేర్లు రాయరాదు' అని బోర్డు పెట్టేది ఇలాంటివారి కోసమే. కాని ఈ గీతలు ఇప్పుడు చరిత్రకు ఆధారాలైపోయాయి.

విగ్రహం కాలి మీద పేరు రాయడం గ్రీకు దేశంలో దొంగచాటు పని కాదు. సామోస్ ద్వీపంలో హేరా దేవత కోవెల దగ్గర 1980లో ఒక కూరోస్ దొరికింది. ఎత్తు సుమారు 5 మీటర్లు. నీలిచారలున్న స్థానిక పాలరాయి. చారలు కండల మీదుగా సాగుతూంటాయి. దాన్ని పెట్టడానికి మ్యూజియానికి కొత్త భాగం కట్టవలసివచ్చింది. ఎడమ తొడ మీద పెద్ద అక్షరాలతో, రేసిస్ కొడుకు ఇస్ఖేస్ సమర్పించాడని రాసి ఉంది. వచ్చినవాడి కళ్ళకు ముందు ఆ పేరే తగలాలని అంత పెద్దగా రాయించాడు. గోమటేశ్వరుని పాదాల దగ్గర చావుండరాయుడు చేయించాడని కన్నడంలోనూ, తమిళంలోనూ, మరాఠీలోనూ రాసి ఉన్న సంగతి మన పాఠకుల్లో చాలామంది కళ్ళారా చూసినదే.

ఇస్ఖేస్ పేరు చేయించినవాడిది. బొమ్మ ఎవరిదో ఆ పేరే రాయించిన సందర్భాలూ ఉన్నాయి. నా మనసుకు బాగా దగ్గరైనది వాటిలోనే ఉంది, అది అసలు గ్రీసులో లేదు. సిసిలీ ద్వీపంలో మెగారా హిబ్లేయా అని ఒక ఊరు ఉండేది. గ్రీసులోని మెగారానుంచి క్రీ.పూ. 8వ శతాబ్దంలో వలస వెళ్ళినవాళ్ళు పరాయి నేల మీద కట్టుకున్న ఊరు. పాత ఊరి పేరును కొత్త ఊరికి పెట్టుకున్నారు, మనవాళ్ళు వెళ్ళినచోటల్లా చేసినట్టే. అక్కడ దొరికిన కూరోస్‌కు తల లేదు, పాదాలు లేవు. క్రీ.పూ. 550 ప్రాంతంది. కుడి తొడ మీద నిలువుగా రాసి ఉంది: మాండ్రోక్లెస్ కొడుకు, వైద్యుడు సోంబ్రోటిదాస్ అని. తండ్రి పేరు తూర్పున అయోనియా తీరం వైపు పేరులా వినిపిస్తుందంటారు. అదే నిజమైతే ఈ వైద్యుడి కుటుంబం వలసవచ్చినవాళ్ళ మధ్యకు మళ్ళీ వలస వచ్చినదన్నమాట. క్రీ.పూ. 483లో సిరాక్యూస్ పాలకుడు గెలోన్ ఆ ఊరిని ఖాళీ చేయించాడు. ఊరు పోయింది, తల పోయింది. తొడ మీద అక్షరాలూ, తండ్రి పేరూ, వృత్తీ మిగిలాయి. మన వ్యాసాల్లో శిల్ప సౌందర్యం అన్న మాట విరివిగా వాడతాం. ఈ విగ్రహం అంత సుందరమైనదేమీ కాదు. కాని న్యూయార్కులోని అందగాడికంటే ఇతనే నాకు మనిషిగా తెలుసు.

డెల్ఫీలో ఉన్న జంట సంగతి ఇంకొకలాంటిది. హెరోడోటస్ చెప్పిన కథ ఇది. ఆర్గోస్ నగరంలో హేరా దేవత పండుగకు ఒక తల్లి బండి మీద వెళ్ళాలి. ఎద్దులు పొలం నుంచి వేళకు రాలేదు. ఆమె కొడుకులు క్లియోబిస్, బైటన్ ఇద్దరూ కాడి మెడకెత్తుకుని 45 స్టేడియాలు, అంటే 8 కిలోమీటర్ల పైచిలుకు, బండి లాగారు. ఊరంతా మెచ్చుకుంది. పొంగిపోయిన తల్లి, మనిషికి ఏది అన్నిటికంటే మంచిదో అది నా బిడ్డలకివ్వమని దేవతను కోరింది. విందు అయ్యాక కొడుకులు కోవెలలోనే నిద్రపోయారు, మళ్ళీ లేవలేదు. శ్రవణకుమారుడి కథ విన్న మనకు కావడి స్థానంలో బండి కనిపిస్తుంది. కాని మన కథలో కొడుకు చావు శాపానికి కారణమైంది. వాళ్ళ కథలో అదే వరం. ఆ కథ ఎప్పుడు చదివినా ఆ తల్లి తెల్లవారి ఏమనుకుందో అనిపిస్తుంది. హెరోడోటస్ ఆ మాట రాయలేదు. ఆర్గోస్‌వాళ్ళు వారి బొమ్మలు చేయించి డెల్ఫీలో పెట్టారని మాత్రం రాశాడు.

ఫ్రెంచివారి తవ్వకాల్లో 1893లో ఒకటి, మరుసటి ఏడాది ఇంకొకటి, అచ్చుగుద్దినట్టున్న రెండు కూరోయ్ బయటపడ్డాయి. కాళ్ళకు చెప్పులు తప్ప ఒంటి మీద ఏమీ లేదు. కాడి మోయగల మెడలే. పీఠాల మీద అరిగిన అక్షరాల్లో ఆర్గోస్ శిల్పి ప్రస్తావన ఉంది. ఇంకేం, క్లియోబిస్, బైటన్ దొరికారన్నారు. తరువాత కొందరు అవే అక్షరాలను మరోలా చదివి, వీరు అన్నదమ్ములు కారు, కవలదేవతలు కాస్టర్, పొల్లుక్స్ అన్నారు. నాలుగు అక్షరాలు అరిగిపోయినందుకు ఆ ఇద్దరూ మనుషులా దేవతలా అన్నదే వివాదంలో పడింది.

అరిగిపోవడం కాలం చేసే పని. రాతినీ పేరునూ విడదీయడం మనుషులు చేసే పని. 1930 దశకంలో అట్టికాలోని అనావిసోస్ దగ్గర దొంగలు ఒక కూరోస్‌ను తవ్వి తీశారు. 1 మీటరు 94 సెంటీమీటర్ల పారోస్ పాలరాతి విగ్రహం, క్రీ.పూ. 530 ప్రాంతంది. పెట్టెల్లో పట్టేలా రంపంతో కోసి పారిస్ చేర్చారు. 1937లో గ్రీసుకు తిరిగివచ్చింది. ఇప్పుడు ఏథెన్స్ జాతీయ మ్యూజియంలో ఉంది. ఆ ప్రాంతంలోనే తరువాత ఒక పీఠం దొరికింది. దారినపోయే మనిషిని ఆగమంటుంది అది. క్రోయిసోస్ సమాధి దగ్గర నిలబడి దుఃఖించమంటుంది, అతడు ముందువరసలో పోరాడుతూ యుద్ధదేవుడి చేతిలో కూలిపోయాడని చెబుతుంది.

హోసూరు, కృష్ణగిరి వైపు పొలాల గట్ల మీద నడుకల్లు, కన్నడ సీమలో వీరగల్లులు చూస్తూ తిరిగే మనకు ఈ మాట విడమరిచి చెప్పనక్కరలేదు. పశువులను మరలించబోయి చచ్చినవాడి రాయి, ఊరికోసం చచ్చినవాడి రాయి; వాడి పేరూ, ఎవరి ఏలుబడిలో ఎందుకు పోయాడో రాసి ఉంటుంది. క్రోయిసోస్ అన్నది నిజానికి గ్రీకులకు పరాయివాడైన లిడియా రాజు పేరు. ఆ రాజు బంగారంతో బాగుపడ్డ ఏథెన్స్ కుటుంబమేదో బిడ్డకు ఆ పేరు పెట్టుకుందని ఊహ. ఇంతటి కథ ఆ పేరులో ఉంది. అయితే ఆ పీఠం ఈ విగ్రహానిదేనా అన్న సందేహం పండితుల్లో కొందరికి ఇప్పటికీ ఉంది. దొంగలు తవ్వకుండా పురావస్తు శాఖవారే తవ్వి ఉంటే ఆ సందేహానికి తావుండేది కాదు. రంపపు కోతలను అతికించారు. ఈ సందేహాన్ని అతికించే జిగురు లేదు.

దీనికి ఎదురు ఉదాహరణ మెరెండాలో ఉంది. అట్టికాలోని ఆ ఊరి చర్చి కట్టడంలో పాత పీఠం ఒకటి ఇరికి ఉండేది. 18వ శతాబ్దంలోనే యూరపు యాత్రికులు దాని మీది అక్షరాలు రాసుకున్నారు. ఫ్రాసిక్లేయా అనే అమ్మాయి సమాధి అది. పెళ్ళికి బదులు దేవతలు తనకీ పేరిచ్చారనీ, తననెప్పటికీ కన్యగానే పిలుస్తారనీ ఆమే మాట్లాడుతుంది. పారోస్ శిల్పి అరిస్టియోన్ పేరూ ఉంది. 1972లో మాస్ట్రోకోస్టాస్ అనే పురావస్తువేత్త ఆ దగ్గరలోనే గోతిలో పక్కపక్కన పడుకోబెట్టి పూడ్చిన రెండు విగ్రహాలను తవ్వితీశారు. ఒకటి అమ్మాయి, ఒకటి కూరోస్. విగ్రహాన్ని పీఠానికి బిగించిన సీసం ముక్క కూడా దొరికింది. తెచ్చి చర్చి పీఠంలో పెట్టిచూస్తే అతికినట్టు సరిపోయింది. అలా ఫ్రాసిక్లేయాకు తన పేరు తిరిగివచ్చింది. గోతిలో ఆమె పక్కన పడుకున్న కుర్రవాడి పీఠం మాత్రం దొరకలేదు. అన్నో, తమ్ముడో, ఎవరో చెప్పే అక్షరం ఒక్కటీ లేదు. ఏథెన్స్ మ్యూజియంలో ఆమె పేరుతో నిలబడింది, అతడు 'మెరెండా కూరోస్' అని ఊరి పేరుతో నిలబడ్డాడు.

ఊరి పేరైనా లేని కూరోస్ ఒకటుంది. 1985లో కాలిఫోర్నియాలోని గెట్టీ మ్యూజియం లక్షల డాలర్లు పోసి కొన్నది. విగ్రహం ఏ యూరపు సేకరణలో ఎప్పటినుంచి ఉందో చూపే ఉత్తరాలు కూడా అమ్మకందారు ఇచ్చాడు. వాటిలో 1952 తేదీ వేసిన ఉత్తరం మీద ఉన్న పిన్‌కోడు 1972 దాకా పుట్టనే లేదని తరువాత తేలింది. రాయి పైపొరను పరీక్షించి శాస్త్రజ్ఞులు ఒకసారి పాతదన్నారు, ఇంకొకసారి అలాంటి పొరను ప్రయోగశాలలో తెప్పించవచ్చన్నారు. 1992లో ఏథెన్స్‌లో పండితులంతా కూర్చుని వాదించుకున్నా తెగలేదు. కడకు మ్యూజియంవారు పలక మీద 'గ్రీకు, క్రీ.పూ. 530 ప్రాంతం, లేదా ఆధునిక నకిలీ' అని రాసిపెట్టారు. 2018లో ప్రదర్శన నుంచే తీసేశారు. ఏ మట్టిలోనుంచి వచ్చిందో చెప్పేవాడు లేకపోతే రాయి తన తరఫున తాను సాక్ష్యం చెప్పుకోలేదు.

2010లో కొరింథు దగ్గర క్లేనియా అనే పల్లెలో అమ్మకానికి సిద్ధంగా ఉన్న రెండు కూరోయ్‌ను పోలీసులు పట్టుకున్నారు. ఒక కోటి యూరోల బేరమట. పట్టుబడినవారు తవ్విన చోటు తెలిసింది కనుక పురావస్తు శాఖవారు అక్కడే మళ్ళీ తవ్వారు. పాత టెనియా నగరపు శ్మశానం బయటపడింది. కుర్రవాళ్ళు ఇప్పుడు కొరింథు మ్యూజియంలో, పుట్టిన చోటికి దగ్గరలోనే ఉన్నారు. అరియలూరు జిల్లా శ్రీపురందాన్ గుడి నుంచి ఎత్తుకుపోయిన చోళుల నటరాజు ఆస్ట్రేలియా జాతీయ గ్యాలరీదాకా వెళ్ళి 2014లో తిరిగివచ్చాడంటే పాండిచ్చేరి ఫ్రెంచి సంస్థవారు ఆ గుడిలో ముందెప్పుడో తీసి దాచిన ఫోటోలు అందుకు సాయపడ్డాయి. మన ఊళ్ళ గట్ల మీద వీరగల్లులకు ఎన్నిటికి ఫోటోలున్నాయో మన సంఘాలవాళ్ళు ఒకసారి లెక్కచూస్తే బాగుండును.

క్రీ.పూ. 480లో పారసీకులు ఏథెన్స్‌ను తగలబెట్టారు. ఆ కాలానికే కూరోస్ మూస సడలిపోయింది. అక్రోపొలిస్‌లో దొరికిన 'క్రిటియోస్ బాలుడు' బరువంతా ఒక కాలి మీద వేసి, తల కొంచెం పక్కకు తిప్పాడు. ఆ తల తిప్పడంతో గ్రీకు శిల్పం వేరే దారి పట్టింది.

అట్టికాలో సమాధుల మీద నిలబెట్టిన కూరోయ్‌లలో చివరివాడుగా చెప్పుకునేది అరిస్టోడికోస్. క్రీ.పూ. 500 ప్రాంతంవాడు, 1944లో దొరికాడు. పొడుగు జుట్టు లేదు, పొట్టిగా కత్తిరించారు. చేతులు తొడలనుంచి విడిపడ్డాయి. ముఖం దెబ్బతిన్నది. పీఠం మాత్రం అతనితోనే దొరికింది. దాని మీద కీర్తి లేదు, తండ్రి పేరు లేదు, దారినపోయేవాణ్ణి ఆగమనడం లేదు. షష్ఠీ విభక్తిలో ఒకే ఒక్క పేరు. తెలుగులో అయితే 'అరిస్టోడికోస్‌ది' అనాలి. సమాధా, బొమ్మా, ఏది అతనిదో రాయలేదు.